సున్నం ఉన్న మట్టి, నీటి ఊట, శిలాజం: పొంగు చూసి ఆగిపోకుండా చదవడం ఎలా (సమగ్ర మార్గదర్శి)

రాయి మీద ఒక చుక్క యాసిడ్ వేశాం, బుస్సున పొంగింది, సరే సున్నం ఉంది అని తేలింది. చాలామంది అక్కడితో ఆ రాయి పక్కన పడేస్తారు. నన్నడిగితే అసలు పని అక్కడే మొదలవుతుంది, ఎందుకంటే పొంగు "ఉంది" అని మాత్రమే చెప్తుంది, ఎలా వచ్చిందో చెప్పదు. అది ఎప్పటిదో సముద్రం అడుగున పేరుకున్న రాయి ముక్క కావచ్చు, మట్టిలో నీళ్ళు ఆరిపోతూ ఆరిపోతూ అక్కడే కట్టిన గడ్డ కావచ్చు, లేదా ఏదో చిన్న ప్రాణి తన ఒంటి కోసం కట్టుకున్న గుల్ల కావచ్చు. మూడిట్లోనూ ఉండేది కాల్షియం కార్బొనేటే. కానీ మనం తర్వాత చేయాల్సింది మాత్రం మూడింటికీ వేరు వేరు. ఒకచోట ఎరువు మార్చాలి, ఒకచోట కాలు పెట్టకుండా పక్కనుంచి నడవాలి, ఒకచోట ఆ యాసిడ్ సీసా బ్యాగ్ లోంచి తీయనే కూడదు.

అందుకే పొంగు దగ్గర మొదలుపెట్టి, పుట్టుక ఎలా కనిపెట్టాలి, ఆ తర్వాత ఏం చేయాలి అనేది వరసగా రాస్తున్నాను. కొంచెం పెద్దదే, తీరిగ్గా చదవండి.

ముందు పేర్ల గందరగోళం తీర్చుకుందాం

మనం "సున్నం" అని ఒకే మాటతో మూడు వేర్వేరు పదార్థాలని పిలుస్తాం. సున్నపురాయి కాల్షియం కార్బొనేట్. దాన్ని సుమారు 900 డిగ్రీల వేడిలో కాలిస్తే బరువులో 44 శాతం కార్బన్ డయాక్సైడ్ గా పోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుంది, అదే కాల్చిన సున్నం. దానికి నీళ్ళు కలిపితే కుతకుతా ఉడికి కాల్షియం హైడ్రాక్సైడ్ అవుతుంది, అది తడి సున్నం. గోడకి వేసిన తడి సున్నం గాల్లో కార్బన్ డయాక్సైడ్ ని మెల్లగా పీల్చుకుని మళ్ళీ కార్బొనేట్ అయి గట్టిపడుతుంది, అంటే తిరిగి రాయే అవుతుంది. ఈ వ్యాసంలో నేను సున్నం అన్నప్పుడల్లా కార్బొనేట్ అనే అర్థం చేసుకోండి. ఇంకోటి, బోర్డు మీద రాసే సుద్దముక్కలు చాలావరకు జిప్సంతో (అది కాల్షియం సల్ఫేట్) చేస్తారు, వాటి మీద యాసిడ్ వేసి పొంగలేదని కంగారుపడకండి, నిజమైన సుద్దరాయి వేరే.

ఈ కార్బొనేట్ కి ముఖ్యంగా రెండు స్ఫటిక రూపాలు. కాల్సైట్, అరగొనైట్. రసాయనం అదే, అణువులు పేర్చిన తీరు వేరు. కాల్సైట్ గట్టితనం 3 (1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో), సాంద్రత 2.71. అరగొనైట్ కొంచెం గట్టిది, 3.5 నుంచి 4, సాంద్రత 2.93. యాసిడ్ కి రెండూ ఒకేలా పొంగుతాయి కాబట్టి చుక్క పరీక్షతో వీటిని విడదీయలేం. ఈ తేడా ఇప్పుడు చిన్నగా కనిపిస్తుంది కానీ శిలాజాల దగ్గరికి వచ్చేసరికి ఏ గుల్ల మిగిలింది, ఏది మాయమైంది అనేదంతా దీని మీదే ఆధారపడుతుంది, కాబట్టి గుర్తుపెట్టుకోండి.

మొదటి అడుగు: సామాను

పెద్ద ఖర్చేం లేదు. 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం, చుక్కలు వేసే ప్లాస్టిక్ సీసాలో పలుచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ (10 శాతం, రెడీగా పలుచన చేసినది కొనుక్కోవడమే మేలు), ఇంకో సీసాలో మామూలు నీళ్ళు, ఒక మేకు, పీహెచ్ స్ట్రిప్పులు (మట్టి పుల్లనో కాదో చూపించే కాగితాలు), పాత టూత్ బ్రష్, పెన్సిల్, చీటీలు, చిన్న కవర్లు. కళ్ళకి అద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ఒకవేళ చిక్కటి యాసిడ్ నే పలుచన చేయాల్సి వస్తే నీళ్ళలో యాసిడ్ కొంచెం కొంచెంగా పోయాలి, యాసిడ్ లో నీళ్ళు పోయకూడదు, చిందుతుంది. బ్లీచింగ్ ద్రావణాలు ఉన్న చోట ఈ సీసా అసలు పెట్టకండి, రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది.

యాసిడ్ వద్దు అనుకుంటే వెనిగర్ తోనూ చేయొచ్చు, అందులో ఎసిటిక్ యాసిడ్ సుమారు 5 శాతమే ఉంటుంది కాబట్టి నమూనాని పొడి చేసి వేసి, భూతద్దం పెట్టి ఓపిగ్గా చూడాలి. పిల్లలతో చేస్తే నేను వెనిగరే చెప్తాను.

రెండో అడుగు: చుక్క వేయడం

ఇది అందరూ చేస్తారు, సగం మంది తప్పు చేస్తారు. ఎండిన మట్టి పెళ్ళ మీద నేరుగా యాసిడ్ వేస్తే సందుల్లో ఉన్న గాలి బుడగలుగా బయటికొస్తుంది, అది చూసి సున్నం అనుకుంటారు. అందుకే ముందు నీళ్ళ చుక్క వేయండి, గాలి పోనివ్వండి, బుడగలు ఆగాక అప్పుడు యాసిడ్ వేయండి. తర్వాత ఆ పెళ్ళని మెల్లగా చెవి పక్కన పెట్టుకోండి (గ్లవ్స్ తోనే, చెవికి తగలకుండా). నవ్వకండి, ఇది నిజంగా చేసే పద్ధతే. కంటికి కనపడనంత కొద్దిగా ఉన్నప్పుడు కూడా సన్నగా చిటపట వినిపిస్తుంది.

మట్టిని వర్ణించడానికి ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ వాడే కొలమానం కూడా దాదాపు ఇలాగే ఉంటుంది. శబ్దం మాత్రమే వినిపించి బుడగ కనపడకపోతే 2 శాతం లోపు, బుడగలు కంటికి కనిపిస్తే 2 నుంచి 10, బుడగలు ఒకదాన్నొకటి ఆనుకుని పలుచని నురగలా కడితే 10 నుంచి 25, వేసిన వెంటనే దట్టంగా నురగ లేచిపోతే 25 శాతం పైన. ఇది అంచనానే, కానీ గట్టు మీద నిలబడి ఇంత తెలుసుకోవడం తక్కువేం కాదు.

రాళ్ళ విషయంలో డోలమైట్ మోసం చేస్తుంది. అందులో కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉంటుంది, చల్లటి పలుచని యాసిడ్ కి రాయి మీద దాదాపు ఏమీ అవ్వదు. అలాంటప్పుడు మేకుతో గీకి ఆ పొడి మీద చుక్క వేయండి, మెల్లగా, బద్ధకంగా బుడగలు వస్తే డోలమైట్ అని అనుమానించాలి. ల్యాబ్ ఉన్నవాళ్ళు అలిజరిన్ రెడ్ అనే రంగు వాడతారు, కాల్సైట్ ఎర్రబడుతుంది, డోలమైట్ పట్టదు. ఇక జిప్సం గోటితో గీతపడుతుంది, పొంగదు. తెల్లగా ఉన్న పలుగురాయి మేకుకి లొంగదు, పొంగదు. తెల్లగా కనిపించినదల్లా సున్నం కాదు అని చెప్పడానికే ఈ రెండూ.

ఇంకో జాగ్రత్త. పాత కట్టడాలు ఉన్న చోట మట్టిలో సున్నపు గచ్చు ముక్కలుంటాయి, పొయ్యి బూడిద కలిసి ఉంటుంది, గుడ్డు పెంకులుంటాయి. అన్నీ పొంగుతాయి. అందుకే ఒకే చోట చుక్క వేసి తీర్పు చెప్పకండి, కనీసం ఐదారు చోట్ల, రెండు మూడు లోతుల్లో చూడండి.

మూడో అడుగు: గొయ్యి తీసి పుట్టుక వెతకడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇదే. మీటరు లోతు గొయ్యి ఒకటి తీసి, ఎండ పడే గోడని కత్తితో శుభ్రంగా చెక్కండి. పైనుంచి కిందికి ప్రతి 10 సెంటీమీటర్లకి ఒక చుక్క వేస్తూ రండి. చాలా చోట్ల పైన ఏమీ పొంగదు, ఒక లోతు దాటగానే ఒక్కసారిగా పొంగడం మొదలవుతుంది. ఆ గీత ఎందుకు వస్తుందంటే, వేళ్ళూ సూక్ష్మజీవులూ ఊపిరి వదిలే చోట మట్టి గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలి కంటే చాలా రెట్లు ఎక్కువ, వాన నీళ్ళు దాన్ని కలుపుకుని పుల్లబడి పై పొరలో సున్నాన్ని కరిగించి బైకార్బొనేట్ గా (నీళ్ళలో కరిగి ఉండే రూపంలో) కిందికి మోస్తాయి, కింద ఆ నీళ్ళని వేళ్ళు పీల్చేసినా, ఎండిపోయినా, మోసుకొచ్చిన సున్నం అక్కడే దిగబడిపోతుంది. వాన ఎక్కువైతే గీత లోతుగా ఉంటుంది, తక్కువైతే పైకి ఉంటుంది, మరీ ఎక్కువ వానలైతే మొత్తం కొట్టుకుపోయి అసలే ఉండదు.

ఇప్పుడు ఆ గోడలోంచి ఒక గులకరాయిని మెల్లగా ఊడదీయండి. ఏ వైపు పైకి ఉందో మార్కర్ తో గుర్తు పెట్టి మరీ తీయండి. తిప్పి అడుగు వైపు చూడండి. పైభాగం శుభ్రంగా ఉండి, అడుగున మాత్రం తెల్లటి పెచ్చు, ఒక్కోసారి చిన్న చిన్న బొట్లు వేలాడుతున్నట్టు గట్టిపడి ఉంటే, ఆ సున్నం ఆ మట్టిలోనే పుట్టింది. నీళ్ళు రాయి చుట్టూ జారి అడుగున చుక్కగా ఆగి, అక్కడ ఆరుతూ ఇంత పెచ్చు కట్టాయి. మొదటిసారి ఇలాంటి రాయి తీసినప్పుడు నేను దాన్ని వేలితో తడుముతూ చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎన్ని వేల వానల లెక్క అది! అదే పెచ్చు పైవైపు కనిపించిందనుకోండి, ఆ రాయి ఎప్పుడో తిరగబడిందన్నమాట, ఎవరో దున్నారో, వరద తెచ్చి పడేసిందో.

అలాగే వేళ్ళు పోయిన సందుల్లో తెల్లటి దారాల్లాంటివి, బూజులా, కనిపిస్తే అది కూడా అక్కడే పుట్టిన సున్నమే, కొత్తది. గుండ్రటి గడ్డలు పగలగొడితే లోపల పొరలు పొరలుగా ఉంటే అవీ అంతే. దానికి భిన్నంగా, ముక్కల అంచులు పదునుగా ఉండి, లోపల గుల్లల గుర్తులో, కింద ఉన్న బండ రంగో కనిపిస్తే, అది తల్లిరాయి విరిగి కలిసింది.

అమెరికాలో న్యూ మెక్సికో దక్షిణ ఎడారిలో పనిచేసిన గైల్, పీటర్సన్, గ్రాస్‌మన్ అనే మట్టి శాస్త్రవేత్తలు 1966లో ఈ పేరుకోవడాన్ని నాలుగు దశలుగా చెప్పారు. మొదటి దశలో దారాలు, రాళ్ళ మీద పలుచని పూత. రెండో దశలో గడ్డలు. మూడో దశలో సందులన్నీ పూడిపోయి పొర మొత్తం అతుక్కుపోతుంది. నాలుగో దశలో నీళ్ళు దిగే దారి లేక ఆ పొర నెత్తిన పలక పలకలుగా ఇంకో తెల్లటి పొర కడుతుంది. నాలుగో దశకి రావడానికి వేలు కాదు, చాలాసార్లు లక్షల ఏళ్ళు పడుతుంది. అందుకే మీ గొయ్యిలో గడ్డపార దిగని తెల్లటి పలక తగిలితే ఆ నేల ఎంత కాలంగా కదలకుండా ఉందో చెప్తున్నట్టు లెక్క. చుట్టుపక్కల సున్నపురాయే లేని ఎడారుల్లో కూడా ఇవి కనిపిస్తాయి, గాలి మోసుకొచ్చే దుమ్ములో ఉన్న కాల్షియమే చాలావరకు అక్కడ పని చేస్తుంది.

నాలుగో అడుగు: ఎంత ఉందో తూచడం

0.01 గ్రాము వరకు చూపించే చిన్న తూకం ఉంటే ఇంట్లోనే చేయొచ్చు. 10 గ్రాముల ఎండిన, పొడి చేసిన మట్టి ఒక గ్లాసులో, 50 మిల్లీలీటర్ల పలుచని యాసిడ్ ఇంకో గ్లాసులో, రెండూ కలిపి తూకం మీద పెట్టి అంకె రాసుకోండి. తర్వాత యాసిడ్ ని కొంచెం కొంచెంగా మట్టిలో పోయండి, చిందకూడదు, చిందితే లెక్క మొత్తం పోయినట్టే. ఖాళీ గ్లాసుని కూడా తూకం మీదే పెట్టండి. పొంగు పూర్తిగా ఆగాక మెల్లగా తిప్పుతూ, గ్లాసులో నిలిచిపోయిన బరువైన గ్యాస్ ని పోనిచ్చి, ఓ పావుగంట తర్వాత మళ్ళీ తూచండి. తగ్గిన బరువు కార్బన్ డయాక్సైడ్. దాన్ని 2.27 తో గుణిస్తే కాల్షియం కార్బొనేట్ వస్తుంది. ఉదాహరణకి 0.66 గ్రాము తగ్గిందనుకోండి, 1.5 గ్రాములు, అంటే 10 గ్రాముల్లో 15 శాతం. కిటికీలు తెరిచి చేయండి. కొంచెం గ్యాస్ ద్రవంలోనే కరిగి ఉండిపోతుంది కాబట్టి అసలు కంటే కాస్త తక్కువే వస్తుంది, తక్కువ సున్నం ఉన్న మట్టిలో ఈ తేడా ఎక్కువ కనిపిస్తుంది.

దీంతోపాటు పీహెచ్ కూడా చూస్కోండి, ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు కలిపి. సున్నం ఉన్న నేల మామూలుగా 7.5 నుంచి 8.4 మధ్యలో ఉంటుంది. 8.5 దాటిందంటే ఇక సున్నం ఒక్కటే కారణం కాదు, సోడియం ఉన్న చౌడు అని అనుమానించి ల్యాబ్ కి పంపండి. ఈ రెండిటినీ కలిపేసుకుని ఒకదాని మందు ఇంకోదానికి వేసేవాళ్ళు చాలామంది.

ఐదో అడుగు: సున్నపు నేలలో పంట

లేత ఆకులు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా గీతల్లా మిగిలితే అది ఇనుము అందకపోవడం. మట్టిలో ఇనుము లేక కాదు, ఆ పీహెచ్ లో అది కరగదు, పైగా మట్టి నీటిలో ఉన్న బైకార్బొనేట్ అడ్డుపడుతుంది. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే అది వేరే సమస్య, నత్రజని లాంటిది, తికమక పడకండి. జింకు, భాస్వరం కూడా ఇలాంటి నేలలో చిక్కుకుపోతాయి.

అప్పుడు అందరూ చెప్పే సలహా "గంధకం వేసి పీహెచ్ తగ్గించండి". ఒక్కసారి లెక్క వేయండి. హెక్టారు నేల, 15 సెంటీమీటర్ల లోతు, ఘనమీటరుకి 1.3 టన్నులు అనుకుంటే మొత్తం 1950 టన్నుల మట్టి. అందులో 5 శాతం సున్నం అంటే 97.5 టన్నులు. ఒక కిలో గంధకం మట్టిలో యాసిడ్ గా మారి సుమారు 3.1 కిలోల సున్నాన్ని మాత్రమే కరిగిస్తుంది. అంటే హెక్టారుకి 31 టన్నుల గంధకం! అది అయ్యే పని కాదు. నాలుగు బస్తాలు చల్లి మట్టి మారుతుందని ఎదురుచూసిన వాళ్ళని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే తప్పు వాళ్ళది కాదు, ఈ లెక్క ఎవరూ చెప్పకపోవడమే. జిప్సం కూడా అంతే, సోడియం ఉన్న చౌడులో అది మందు, ఉత్త సున్నపు నేలలో పీహెచ్ ని కదిలించదు.

అయ్యే పనులు ఇవి. నేల మొత్తాన్ని కాకుండా వేరు చుట్టూ ఉన్న చిన్న జాగాని మార్చడం: గంధకం గానీ అమ్మోనియం సల్ఫేట్ గానీ భాస్వరం ఎరువు గానీ సాలులో, వేరు పక్కన పట్టీలా వేయండి. ఇనుము ఇవ్వాలంటే ఈడీడీహెచ్ఏ రకం చీలేట్ (ఇనుము మట్టిలో చిక్కుకోకుండా పట్టి ఉంచే మందు) అడగండి, ఈడీటీఏ రకం పీహెచ్ 6.5 దాటితే మట్టిలో నిలబడదు, డబ్బు దండగ. జింకు ఆకుల మీద స్ప్రే చేయొచ్చు. నీళ్ళు నిలవనివ్వకండి, నిలిచిన నీళ్ళలో బైకార్బొనేట్ పెరిగి పసుపు ఇంకా ఎక్కువవుతుంది. అన్నిటికన్నా, సున్నాన్ని తట్టుకునే రకాలూ, అంటు కట్టే వేరుమూలాలూ ఎంచుకోవడం. నేలతో గొడవపడటం కంటే దానికి సరిపోయేది నాటడం తేలిక.

ఆరో అడుగు: సున్నం మీద బతికే చోట్లు గుర్తుపట్టడం

రైతుకి ఇబ్బంది అయిన అదే గుణం అడవి మొక్కలకి వరం. భాస్వరం అందదు కాబట్టి ఏ ఒక్క గడ్డీ ఏపుగా పెరిగి మిగతావాటిని తొక్కేయలేదు, అందుకే ఇంగ్లండు సుద్దనేలల పచ్చిక బయళ్ళలో ఒక్క చదరపు మీటరులో 30, 40 రకాల మొక్కలు లెక్కపెట్టొచ్చు. అక్కడ ఎరువు చల్లితే కొన్నేళ్ళలో నాలుగైదు బలమైన గడ్డిరకాలు మిగిలి మిగతావి పోతాయి. ఇలాంటి చోటు మీ చేతిలో ఉంటే చేయాల్సిన మొదటి పని ఏమీ వేయకపోవడం.

కింద సున్నపురాయి ఉంది కాబట్టి పైన మట్టి కూడా సున్నపుదే అనుకోవద్దు. ఇంగ్లండులోనే లలింగ్టన్ హీత్ దగ్గర సుద్దరాయి నెత్తిన పలుచగా పుల్లటి మట్టి పొర ఉండి, పుల్ల నేలని కోరుకునే హీథర్ పొదలు, సున్నం కోరుకునే మొక్కలు పక్కపక్కనే కనిపిస్తాయి. మ్యాపు చూసి రాయకండి, చుక్క వేసి రాయండి.

నత్తలు మంచి సాక్ష్యం. గుల్ల కట్టడానికి వాటికి సున్నం కావాలి కాబట్టి రాళ్ళ కింద, ఆకుల తుక్కు కింద ఖాళీ గుల్లలు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. గట్టిగా మెరుస్తూ ఉంటే సున్నం ఉంది, పలుచబడి గుంటలు పడి ఉంటే నేల పుల్లబడుతోంది. నెదర్లాండ్స్ అడవుల్లో ఆమ్ల వర్షాలతో మట్టి పుల్లబడి నత్తలు తగ్గిపోతే, గుడ్ల పెంకు కోసం ఆ నత్తల మీదే ఆధారపడ్డ గ్రేట్ టిట్ పిట్టల గుడ్లు పలుచబడి పాడైపోయాయని 1990లలో పరిశోధకులు చూపించారు. మట్టిలో సున్నం పోతే ఆ దెబ్బ గూట్లో గుడ్డు దాకా వెళ్ళింది.

ఇక సున్నపు ఊటలు. కొండలోంచి వచ్చే నీళ్ళు బయటి గాలి తగలగానే కార్బన్ డయాక్సైడ్ వదిలేస్తాయి, దాంతో సున్నం బయటపడుతుంది, అక్కడ ఉన్న నాచు కూడా ఆ గ్యాస్ ని లాక్కుని ఇంకా తొందర చేస్తుంది. మోకాళ్ళ మీద కూర్చుని భూతద్దంతో ఒక నాచు కొమ్మని చూడండి, కోయకుండా. కొస పచ్చగా తడిగా ఉంటుంది, ఒక సెంటీమీటరు కిందికొస్తే ఆకులన్నీ బూడిదరంగు పూతలో ఉంటాయి, ఇంకా కిందికి అది ఉత్త రాయి, కానీ ఆకుల ఆకారం అలాగే ఉంటుంది. పైన పెరుగుతూ కింద రాయి అవుతూ ఉంటుంది. దీన్ని టూఫా అంటారు. క్రొయేషియాలో ప్లిట్వీస్ సరస్సుల మధ్య ఆనకట్టలన్నీ ఇలా కట్టుకున్నవే. టర్కీలో పాముక్కలే తెల్లటి మెట్లు మాత్రం వేడి నీటి ఊటలవి, వాటిని ట్రావర్టైన్ అంటారు. ఇలాంటి చోట ఒక్క అడుగు వేస్తే ఏళ్ళ తరబడి కట్టింది పొడి అయిపోతుంది, కాబట్టి పరీక్ష ఊట మీద కాదు, కింద పడి ఉన్న విరిగిన పెచ్చు మీద చేయండి.

చెరువుల్లో అయితే కేరా అనే, మొక్కలా కనిపించే ఆల్గా వెతకండి. చేత్తో నలిపితే గరగరలాడుతుంది, ఒంటినిండా సున్నపు పూత. ఆ సున్నం నీళ్ళలోంచి దిగేటప్పుడు భాస్వరాన్ని కూడా పట్టుకుని దిగుతుంది కాబట్టి నీళ్ళు అద్దంలా ఉంటాయి. చుట్టుపక్కల నుంచి ఎరువుల నీళ్ళు దిగడం మొదలైతే పాచి కమ్మి ముందు పోయేది ఈ కేరానే.

సముద్రపు ఇసుక దొరికితే అరచేతిలో పోసుకుని భూతద్దంతో చూడండి. గుల్లల ముక్కలు, పగడం ముక్కలు, ముళ్ళచర్మ జీవుల (సముద్రపు అర్చిన్ల లాంటివాటి) ముళ్ళు విడివిడిగా తెలుస్తాయి. బహామాస్ ఇసుకలో అయితే చేప గుడ్లలాంటి గుండ్రటి రేణువులుంటాయి, అవి ఏ ప్రాణి గుల్లా కాదు, అలల్లో దొర్లుతూ పొర మీద పొర సున్నం పట్టించుకున్న ఊయిడ్లు.

ఏడో అడుగు: శిలాజం అయితే

ఇక్కడ ఒకే నియమం, శిలాజం మీద యాసిడ్ వేయకండి. నేను మొదట్లో ఒక క్రినాయిడ్ (సముద్రపు లిల్లీ అనే జీవి) కాడ ముక్క, గోరంత, మధ్యలో నక్షత్రం ఆకారంలో సన్నటి రంధ్రం ఉన్నది, దాని మీద "సున్నమేనా" అని ఒక్క చుక్క వేశాను. పొంగు ఆగేలోపు ఆ నక్షత్రం మొనలు కరిగి గుండ్రటి గుంట అయిపోయింది. కోట్ల ఏళ్ళు నిలిచింది కొన్ని సెకన్లలో పోయింది, ఆ బాధ ఇప్పటికీ ఉంది. పరీక్ష చేయాలంటే చుట్టూ ఉన్న రాయి మీద, దూరంగా చేయండి.

యాసిడ్ లేకుండానే చాలా తెలుస్తుంది. క్రినాయిడ్లు, సముద్రపు అర్చిన్లు లాంటి ముళ్ళచర్మ జీవుల ప్రతి పెంకూ ఒక్కొక్కటీ ఒకే కాల్సైట్ స్ఫటికం. అందుకే విరిగిన ముక్కని వెలుతురులో తిప్పితే ఒక కోణంలో ముఖం మొత్తం అద్దం ముక్కలా ఒక్కసారిగా మెరుస్తుంది. సున్నపురాయిలో అలా మెరిసే చదునైన ముక్కలు కనిపిస్తే మిగతా ఆకారం పోయినా ఇది ముళ్ళచర్మ జీవిది అని చెప్పేయొచ్చు.

ఇందాక చెప్పిన అరగొనైట్ ఇప్పుడు పనికొస్తుంది. ఆల్చిప్పల జాతిలో ఆయిస్టర్లు, స్కాలప్‌లు, ఇంకా చాలా బ్రాకియోపాడ్లు (ఆల్చిప్పల్లా రెండు చిప్పలున్న వేరే జాతి), బెలెమ్నైట్లు (అంతరించిన స్క్విడ్ బంధువులు) కాల్సైట్ తో కట్టుకుంటాయి. అమ్మోనైట్లు (చుట్ట తిరిగిన గుల్ల ఉన్న, అంతరించిన స్క్విడ్ బంధువులు), చాలా నత్తలు అరగొనైట్ తో. అరగొనైట్ కాలక్రమంలో నిలకడ లేనిది, కరిగిపోతుంది లేదా కాల్సైట్ గా మారిపోతుంది. అందుకే ఇంగ్లండులోని డోవర్ కొండల్లాంటి సుద్దరాయిలో ఆయిస్టర్లు, అర్చిన్లు నిండుగా దొరుకుతాయి, అమ్మోనైట్ మాత్రం ఎక్కువగా అచ్చుగానే మిగులుతుంది. "ఇక్కడ అమ్మోనైట్లు బతకలేదు" అని రాసుకునే ముందు ఖాళీ అచ్చుల కోసం వెతకండి. నీళ్ళు దిగని మెత్తటి బంకరాయిలో అయితే అమ్మోనైట్ మీద ముత్యపు మెరుపు కూడా అలాగే ఉండొచ్చు.

సుద్దరాయిలో, మెత్తటి బంకమన్నులో కంటికి కనపడని గుల్లలు తీయడం సరదా పని. పిడికెడు నమూనాని వంటసోడా కలిపిన నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, 63 మైక్రాన్ల జల్లెడలో సన్నటి ధారతో కడగండి, మిగిలింది ఆరబెట్టి నల్లటి కాగితం మీద చల్లి చూడండి. ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల గుల్లలు గదులు గదులుగా కనిపిస్తాయి. వాటిలో పెద్ద రకం నమ్ములైట్లు, గిజా పిరమిడ్ల రాయి నిండా అవే. రెండు వేల ఏళ్ళ కిందట అక్కడికి వెళ్ళిన స్ట్రాబో అనే గ్రీకు భూగోళ రచయితకి, అవి కూలీలు తిని వదిలిన పప్పుగింజలు రాళ్ళయ్యాయని స్థానికులు చెప్పారట.

మరి శిలాజాలకి యాసిడ్ వాడతారని విన్నాం కదా అంటారేమో. వాడతారు, శిలాజం సున్నం కానప్పుడు. ఆస్ట్రేలియాలో గోగో దగ్గర సుమారు 38 కోట్ల ఏళ్ళ నాటి చేపల ఎముకలు ఫాస్ఫేటు, చుట్టూ సున్నపురాయి, అందుకే పలుచని ఎసిటిక్ యాసిడ్ లో రాయి కరిగి ఎముక నిలుస్తుంది. టెక్సస్ గ్లాస్ మౌంటెన్స్ లో గుల్లల స్థానంలో సిలికా చేరింది, వాటిని హైడ్రోక్లోరిక్ లోనే తీశారు. శిలాజం ఏ పదార్థమో ఖాయంగా తెలియకుండా ఇవి ప్రయత్నించకండి. మామూలు గుల్లలకి నీళ్ళు, టూత్ బ్రష్, సూది, ఓపిక చాలు. రాలిపోతున్న వాటికి అసిటోన్ లో పలుచగా కలిపిన పారలాయిడ్ బి-72 అనే జిగురు పూయండి, తర్వాత కావాలంటే మళ్ళీ అసిటోన్ తోనే తీసేయొచ్చు.

తీసే ముందు నేల యజమాని అనుమతి, రక్షిత ప్రాంతమా కాదా అనేది చూస్కోండి. తీసిన చోటు, ఏ పొర, ఎంత లోతు, తేదీ, పెన్సిల్ తో చీటీ మీద రాసి అప్పటికప్పుడే కవర్ లో వేయండి. ఇంటికెళ్ళి రాద్దాం అంటే మర్చిపోతారు.

చివరిది: దాచడం

గుల్లలు, సున్నపు శిలాజాలు చెక్క బీరువాలో పెట్టకండి, ముఖ్యంగా ఓక్ చెక్క. చెక్క, చవక అట్టపెట్టెలు ఎసిటిక్, ఫార్మిక్ యాసిడ్ ఆవిర్లు వదులుతాయి, గాల్లో తేమ ఉంటే అవి గుల్లని తినేసి పైన తెల్లటి బూజులాంటి ఉప్పు కడతాయి. దీన్ని బైన్ వ్యాధి అంటారు, అప్పట్లో బ్యాక్టీరియా అనుకున్నారు, నిజానికి అది మనం మొదట వేసిన యాసిడ్ చుక్క లాంటిదే, చాలా మెల్లగా, పెట్టెలో కూర్చుని. కనిపిస్తే ఆ గుల్లని వెంటనే వేరు చేయండి, గట్టిగా ఉన్నదైతే మంచినీళ్ళలో కడిగి పూర్తిగా ఆరబెట్టండి, పెట్టె మార్చండి, పక్కనున్న వాటిని కూడా భూతద్దంతో చూడండి. లోహపు డ్రాయర్, యాసిడ్ లేని కాగితం, సిలికా జెల్ పొట్లం పెడితే సరిపోతుంది, ఆ పొట్లాన్ని మాత్రం వానాకాలంలో తరచూ మార్చాలి.